సభ్యుని నమ్మకాన్ని కొలవడం ఎలా? - విశ్వాస సూచికలపై ఒక పాఠం

పాల సంఘంలో మనం కొలిచే వాటికి కొదవ లేదు. పూటపూటకూ పాలు కొలుస్తాం, వెన్న శాతం చూస్తాం, దాణా బస్తాలు లెక్కిస్తాం, చెల్లింపుల పట్టీ రాస్తాం. ఇవన్నీ జరిగిపోయిన పనికి లెక్కలు. నిన్న సభ్యుడు ఎన్ని పాలు పోసినదీ మన పుస్తకం చెబుతుంది. వచ్చే వేసవికి అతని కొట్టంలో ఎన్ని పశువులు ఉంటాయో మాత్రం ఆ పుస్తకంలో ఉండదు. అది అతని మనసులో ఉంటుంది.

ఆ మనసులోని మాటను అడిగి, అంకెగా మార్చి, దాని ద్వారా రాబోయే ఆర్థిక కార్యకలాపాన్ని అంచనా వేయడానికి ప్రపంచంలో అనేక దేశాలు వాడుతున్న సాధనమే విశ్వాస సూచిక. ఈ పాఠంలో అది ఎలా పుట్టింది, ఎలా కడతారు, ఎంతవరకు నమ్మవచ్చు, కడప, కర్నూలు మెట్ట ప్రాంతాల్లోని మన సంఘాలకు దానితో ఏమి పని అన్న విషయాలు చూద్దాం. అధ్యక్షులు, కార్యదర్శులు దీనిని పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించి చర్చించవలసిందిగా కోరుతున్నాం.

ఈ ఆలోచన ఎక్కడిది?

రెండవ ప్రపంచయుద్ధం ముగిసినప్పుడు అమెరికాలో చాలామంది ఆర్థికవేత్తలు మళ్లీ మాంద్యం వస్తుందని భయపడ్డారు. హంగేరీలో పుట్టి, అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జ్ కటోనా మరొక దారి పట్టాడు. ఆయన మనస్తత్వ శాస్త్రం చదివినవాడు. జనం ఖర్చు రెండు విషయాల మీద ఆధారపడుతుందని ఆయన వాదన. ఒకటి కొనగల శక్తి, రెండవది కొనాలనే ఇష్టం. శక్తి ఎంత ఉన్నదో జీతాల లెక్కలు, బ్యాంకు లెక్కలు చెబుతాయి. ఇష్టం ఎంత ఉన్నదో తెలియాలంటే మనిషినే అడగాలి. 1946 నుంచి ఆ విశ్వవిద్యాలయం కుటుంబాలను అడగడం మొదలుపెట్టింది. యుద్ధానంతరం జనం ఖర్చుకు సిద్ధంగా ఉన్నారని ఆ జవాబులు సూచించాయి. భయపడిన మాంద్యం రాలేదు.

నేటికీ ఆ సూచికలో ఐదు ప్రశ్నలే ఉన్నాయి. నిరుటితో పోలిస్తే మీ ఇంటి పరిస్థితి ఎలా ఉంది? వచ్చే ఏడాది ఎలా ఉంటుంది? దేశంలో వ్యాపారం వచ్చే ఏడాది ఎలా ఉంటుంది? రాబోయే ఐదేళ్లు ఎలా ఉంటుంది? ఇంటికి పెద్ద వస్తువులు కొనడానికి ఇది మంచి సమయమేనా? ఈ ఐదింటికి వచ్చిన జవాబులనే సూచికగా కడతారు.

ఇదే పద్ధతిలో వ్యాపారులను, ఫ్యాక్టరీ యజమానులను అడిగే సర్వేలూ వచ్చాయి. జర్మనీలో మ్యూనిక్ నగరంలోని ఇఫో సంస్థ 1949లో అటువంటిది ప్రారంభించింది. ఫ్యాక్టరీలలో సరుకు కొనుగోలు చేసే అధికారులను అడిగి కట్టే సూచిక మరొకటి. దానిలో 50 సరిహద్దు. 50 దాటితే పని పెరుగుతున్నదని, తగ్గితే పని కుంగుతున్నదని అర్థం.

మన దేశంలో

భారత రిజర్వు బ్యాంకు రెండు నెలలకొకసారి నగరాలలో వినియోగదారుల విశ్వాస సర్వే జరుపుతున్నది. సాధారణ ఆర్థిక పరిస్థితి, ఉద్యోగావకాశాలు, ధరలు, ఆదాయం, ఖర్చు అనే ఐదు విషయాల మీద కుటుంబాలను అడుగుతారు. ఏడాది కిందటితో పోల్చి చెప్పిన జవాబులతో వర్తమాన స్థితి సూచిక, రాబోయే ఏడాదిని గురించి చెప్పిన జవాబులతో భవిష్య ఆశల సూచిక తయారవుతాయి. 100 సరిహద్దు. పైన ఉంటే ఆశ, కింద ఉంటే నిరాశ.

కోవిడ్ కాలంలో ఈ రెండు సూచికలు వేర్వేరు దారులు పట్టిన తీరు గమనించదగినది. 2020 సెప్టెంబరులో వర్తమాన సూచిక 49.9కి పడిపోయింది. అదే నెల భవిష్య సూచిక 115.9 ఉన్నది. అంటే "ఇప్పుడు చితికిపోయాం, వచ్చే ఏటికి తేరుకుంటాం" అని జనం చెప్పారన్నమాట. 2021 మే నెలలో రెండవ విడత వ్యాధి ఉధృతంగా ఉన్నప్పుడు వర్తమాన సూచిక 48.5కి దిగింది, భవిష్య సూచిక కూడా 96.4కి, అంటే 100 కిందికి వచ్చింది. ఈసారి రేపటి మీద కూడా ఆశ సడలింది. పేరుకు రెండు వర్తమాన సూచికలూ దాదాపు ఒకటే. వాటి వెనుక ఉన్న మనసులు మాత్రం ఒకటి కావు. అందుకే వర్తమానాన్ని, భవిష్యత్తును వేరువేరుగా అడగాలి.

నగరాల సర్వేలో తెలుగువారి నగరాలలో హైదరాబాదు ఉన్నది. అక్కడి ఉద్యోగి మాట వేంపల్లె మెట్టలో రెండు ఎనుములు మేపే రైతు మాట కాజాలదు. ఈ లోటును గుర్తించే నాబార్డు 2024 సెప్టెంబరు నుంచి రెండు నెలలకొకసారి గ్రామీణ ఆర్థిక పరిస్థితులు, మనోభావాల సర్వే చేపట్టింది. ఇది మంచి పరిణామం. అయితే దేశమంతటికీ కలిపి వచ్చే అంకె మన ఊరి కొట్టం సంగతి చెప్పదు. మన అంకె మనమే కట్టుకోవాలి.

సీమకు ఇది కొత్త విద్య కాదు

మనుషుల నడవడి చూసి రాబోయే కష్టాన్ని పసిగట్టడం మన ప్రాంతంలో పాత విషయమే. 1876-78 కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఆ దెబ్బకు 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆ తరువాత రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన నియమించిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా రాష్ట్రాలవారీ కరువు నిబంధనావళులు వచ్చాయి. కరువు ముంచుకొస్తున్నదని తెలుసుకోవడానికి అధికారులు గమనించవలసిన గుర్తులు వాటిలో చెప్పారు. ధాన్యం వ్యాపారంలో అసాధారణమైన హడావిడి, అప్పు పుట్టకపోవడం, దానధర్మాలు తగ్గి బిచ్చగాళ్లు ఊళ్లు పట్టి తిరగడం, నేరాలు పెరగడం, మేత కోసం మందలు అలవాటు లేని దారులు పట్టడం, జనం వలస పోవడం ఆ గుర్తులు.

వీటిని ఒకసారి నిదానంగా చదవండి. అప్పు పుట్టకపోవడమంటే షావుకారుకు రేపటి మీద నమ్మకం పోయిందని అర్థం. మంద కదిలిందంటే కాపరికి ఈ నేల మీద ఆశ పోయిందని అర్థం. ఇవి నోటి మాటతో కాక చేతలతో చెప్పిన విశ్వాస సూచికలు. తిండిగింజలు అయిపోవడానికి ముందే నమ్మకం అయిపోతుంది. ఆ ముందు గుర్తును పట్టుకున్నవాడికి సాయం చేయడానికి వ్యవధి దొరుకుతుంది.

పాడిలో ఈ వ్యవధి విలువ ఎంత?

ఎనుము చూడి కాలం సుమారు 10 నెలలు. పెయ్యదూడ పెరిగి, పడ్డ అయి, మొదటి ఈతకు రావడానికి మన మేపులో సుమారు 4 ఏళ్లు పడుతుంది. చెప్ప కరువై, చేతిలో డబ్బు లేక, ఇక లాభం లేదని నిరాశపడి రైతు చూడిపడ్డను సంతకు తోలితే, ఆ లోటు మన పుస్తకంలో ఆ వారం కనబడదు. ఆ పడ్డ ఇంకా పాలు ఇవ్వడం లేదు గదా! ఆ నెల పాల సేకరణ యథాప్రకారం ఉంటుంది. మరుసటి సంవత్సరం పాలు తగ్గినప్పుడు "ఎందుకు తగ్గాయి?" అని మనం ఆశ్చర్యపోతాం. కారణం నిరుడు ఒక సాయంత్రం ఆ ఇంట్లో జరిగిన ఆలోచనలో ఉన్నది.

ఒకరి నిరాశ మరొకరికి ఎలా అంటుకుంటుందో కూడా చూడాలి. కొందరు పశువులను తగ్గిస్తే సంఘం పాలు తగ్గుతాయి. కార్యదర్శి జీతం, కేంద్రం అద్దె, కరెంటు బిల్లు మాత్రం తగ్గవు. లీటరు మీద పడే ఖర్చు పెరుగుతుంది, ఏడాది చివర బోనసు తగ్గుతుంది. దానితో మిగిలినవారి నమ్మకమూ సడలుతుంది. ఆశ విషయంలోనూ ఇంతే. పొరుగింటివారు పడ్డను అట్టేపెట్టుకుని లాభపడితే మనమూ అట్టేపెట్టుకుంటాం. నమ్మకం ఆర్థిక పరిస్థితిని చూపే అద్దమే అయినా, ఆ పరిస్థితిని కొంతవరకు తయారు చేసేది కూడా అదే. ఈ సంగతిని ఇంగ్లండు ఆర్థికవేత్త కీన్స్ 1936లో రాసిన గ్రంథంలో చెప్పాడు. మనిషి పెట్టుబడి పెట్టేది లెక్క కట్టి మాత్రమే కాదని, పని చేయాలనే ఉత్సాహం కూడా కావాలని ఆయన భావం.

మన సంఘంలో సూచిక కట్టే విధానం

200 మంది సభ్యులున్న సంఘాన్ని తీసుకుందాం. సభ్యత్వ రిజిస్టరులో ప్రతి నాలుగో పేరు చొప్పున 50 మందిని ఎన్నుకోవాలి. కేంద్రానికి వచ్చినవారిని మాత్రమే అడిగితే పాలు పోయడం మానుకున్నవారి మాట మనకు అందదు. వారి మాటే ముఖ్యం. ప్రశ్నలు ఐదు చాలు. నిరుడు ఇదే నెలతో పోలిస్తే ఇప్పుడు ఎలా ఉన్నదో ఒకసారి, వచ్చే ఏడాది ఇదే నెలకు ఎలా ఉంటుందో మరొకసారి అడగాలి. జవాబు "మెరుగు", "అంతే", "తీసికట్టు" అని మూడు విధాలు.

మెరుగన్నవారి శాతం నుంచి తీసికట్టన్నవారి శాతం తీసివేస్తే నికర జవాబు వస్తుంది. దానికి 100 కలిపితే ఆ ప్రశ్నకు సూచిక. ఐదు సూచికల సగటు సంఘం సూచిక. కింద ఇచ్చినవి లెక్క నేర్చుకోవడానికి మేము వేసుకున్న ఊహా అంకెలు.

ఇప్పటి స్థితి:
1. పాడి రాబడి: మెరుగు 18, అంతే 20, తీసికట్టు 12. శాతాలు 36, 24. సూచిక 112.
2. మేత, నీరు: మెరుగు 8, అంతే 17, తీసికట్టు 25. సూచిక 66.
3. దాణా, తవుడు, చెక్క ధరలు: తగ్గాయి 2, అంతే 15, పెరిగాయి 33. సూచిక 38.
4. పశువుల సంఖ్య: పెరిగింది 9, అంతే 29, తగ్గింది 12. సూచిక 94.
5. ఇంటి ఖర్చు, అప్పు: తేలిక 10, అంతే 22, భారం 18. సూచిక 84.
ఐదింటి మొత్తం 394. సగటు 78.8.

వచ్చే ఏడాది:
1. పాడి రాబడి: 20, 20, 10. సూచిక 120.
2. మేత, నీరు: 21, 17, 12. సూచిక 118.
3. దాణా ధరలు: 5, 21, 24. సూచిక 62.
4. పశువుల సంఖ్య: 6, 27, 17. సూచిక 78.
5. ఇంటి ఖర్చు, అప్పు: 16, 22, 12. సూచిక 108.
మొత్తం 486. సగటు 97.2.

అంకెలను చదవడం

చెల్లింపుల పట్టీ మాత్రమే చూసే పాలకవర్గానికి ఈ సంఘం బాగానే ఉన్నట్టు తోస్తుంది. రాబడి సూచిక 112 గదా! దాణా సూచిక 38, మేత సూచిక 66 చూసినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. వచ్చిన డబ్బు వచ్చినట్టే పశువు కడుపులోకి పోతున్నది.

రెండవ పట్టికలో సగటు 97.2, అంటే 100కు దగ్గర. "పరవాలేదు" అని పుస్తకం మూసేయవచ్చు. అలా మూస్తే నాలుగో ప్రశ్న దాటిపోతుంది. 50 మందిలో 17 మంది వచ్చే ఏటికి పశువులను తగ్గిస్తామంటున్నారు. 200 మంది సంఘంలో ఇదే నిష్పత్తి ఉంటే సుమారు 68 ఇళ్లు. వాన మీద, రాబడి మీద ఆశ ఉన్నవారే పశువులను తగ్గిస్తామంటున్నారంటే అడ్డం ఎక్కడున్నదో వెతకాలి. కూలి మనిషి దొరకడం లేదా? పిల్లలు పట్నం పోయి పాలు పితికే చేతులు తగ్గాయా? దాణా అప్పు తలకు మించిందా? సగటు ప్రశ్నను లేవనెత్తుతుంది. జవాబు విడి అంకెలలో, ఆ తరువాత సభ్యుని ఇంటి అరుగు మీద దొరుకుతుంది.

ధరల విషయంలో ఒక హెచ్చరిక. పట్నం సర్వేలలో ధర పెరగడం ఎప్పుడూ నిరాశ కిందికే వస్తుంది, అక్కడివారు కొనేవారు కనుక. మన సభ్యుడు కొంటాడు, అమ్ముతాడు కూడా. పాల ధర పెరిగితే సంతోషం, చెక్క ధర పెరిగితే దుఃఖం. "ధరలు ఎలా ఉన్నాయి?" అని ఒకే ప్రశ్న అడిగితే రెండూ కలిసిపోయి అర్థం లేని అంకె వస్తుంది. అందుకే పాల ధరను రాబడిలో, దాణా ధరను విడిగా అడిగాం.

అడిగేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒకటి, కార్యదర్శి అడగకూడదు. అతని చేతిలో దాణా, అప్పు కాగితాలు ఉంటాయి. సాయం వస్తుందనుకుంటే సభ్యుడు కష్టం ఎక్కువ చెబుతాడు, అప్పు కావాలనుకుంటే తక్కువ చెబుతాడు. పొరుగు సంఘం మనిషి వచ్చి అడగడం మేలు. జవాబు కాగితం మీద పేరు రాయకూడదు.

రెండు, పశువుకు కుడితి పెట్టేది, పాలు పితికేది ఎక్కువ ఇళ్లలో ఆడవారు. పాసుపుస్తకం మగవాని పేర ఉన్నా జవాబు ఆమె నోట కూడా వినాలి. ఇద్దరి జవాబులూ వేరుగా ఉంటే అదే ఒక పాఠం.

మూడు, చలికాలంలో పాలు పొంగుతాయి, వేసవిలో ఎండుతాయి. జనవరి సూచికను మే సూచికతో పోల్చితే ఋతువును కొలిచినట్టవుతుంది. మే నెలను నిరుటి మే నెలతోనే పోల్చాలి.

నాలుగు, కే.సి. కాలువ కింద మైదుకూరు, చాపాడు వైపు పచ్చిమేత ఉన్న ఊళ్లూ, వానకు ఆకాశం వైపు చూసే చక్రాయపేట మెట్ట ఊళ్లూ ఒకే అంకెలో కలిపితే రెండింటి నిజమూ పోతుంది. వేరువేరుగా కట్టాలి.

ఐదు, 50 మందిని అడిగినప్పుడు వచ్చిన శాతం అసలు శాతానికి 12 నుంచి 14 వరకు అటు ఇటుగా ఉండవచ్చని గణాంక శాస్త్రం చెబుతుంది. కనుక ఇద్దరు ముగ్గురి జవాబులు మారినంత మాత్రాన కంగారు పడవద్దు, సంబరపడవద్దు. వరుసగా రెండు మూడు సార్లు ఒకే వైపు నడిస్తే అప్పుడు పట్టించుకోవాలి.

ఎంతవరకు నమ్మవచ్చు?

విశ్వాస సూచికను జోస్యంగా తీసుకోకూడదు. అమెరికాలో కారల్, ఫ్యూరర్, విల్కాక్స్ అనే ఆర్థికవేత్తలు 1994లో ప్రచురించిన పరిశోధనలో, ముందటి కాలపు మనోభావ సూచిక ఒక్కటే తీసుకుంటే కుటుంబాల ఖర్చు పెరుగుదలలోని హెచ్చుతగ్గులలో సుమారు 14 శాతాన్ని వివరించగలదని తేల్చారు. ఆదాయం వంటి ఇతర లెక్కలు కూడా చేతిలో ఉంటే సూచిక అదనంగా చెప్పేది ఇంకా తక్కువ. 2022 జూన్‌లో మిచిగన్ సూచిక 50కి పడిపోయింది. అంతవరకు దాని చరిత్రలో అంత తక్కువ ఎన్నడూ లేదు. కారణం ధరల మంట. అయినా అక్కడి జనం ఖర్చు కుప్పకూలలేదు. నోట నిరాశ పలికినా చేత ఖర్చు ఆగలేదు.

కనుక మాటను చేతతో సరిచూడాలి. మన దగ్గర ఆ చేతల లెక్కలు సిద్ధంగా ఉన్నాయి. దాణా బస్తాలు ఎన్ని పోయాయి? పశుగ్రాసపు విత్తనాలు ఎందరు అడిగారు? ఎదకు వచ్చిన పశువులకు ఎన్నింటికి సూది వేయించారు? ఊరినుంచి సంతకు ఎన్ని పశువులు పోయాయి, వాటిలో వట్టిపోయినవి ఎన్ని, చూడివి ఎన్ని? సూచికా, ఈ లెక్కలూ ఒకే మాట చెబితే అది గట్టి మాట. చూడి పశువులు సంతకు పోతున్నాయంటే మాత్రం సూచిక ఎంత ఉన్నా ఆగవద్దు.

తెలిసిన తరువాత ఏమి చేయాలి?

అడిగి ఊరుకుంటే రెండవసారి ఎవరూ నిజం చెప్పరు. మేత సూచిక పడిపోతే వేసవికి ముందే జొన్నచొప్ప, వేరుశనగ కట్టె కలిసికట్టుగా కొని నిల్వ చేసే ఏర్పాటు, నీటి వసతి ఉన్నవారితో పచ్చిమేత పెంచి పాతర వేయించే ఏర్పాటు ఆలోచించాలి. దాణా సూచిక పడితే చెల్లింపులో విడతలుగా మినహాయించే పద్ధతిని పరిశీలించాలి. పశువులను తగ్గించే ఆలోచన పెరిగితే, కనీసం చూడిపడ్డలనైనా నిలబెట్టే సాయం ముందుగా ఇవ్వాలి. ఫలితాన్ని మహాజన సభలో చదివి, "మీరిది చెప్పారు, మేమిది చేశాం" అని చెప్పాలి. సభ్యుని మాటను లెక్కలోకి తీసుకున్నామని తెలియడమే నమ్మకానికి మొదటి పోషణ.

ఒక్క మాట మరువరాదు. ఎవరు నిరాశగా ఉన్నారో తెలుసుకుని వారికి అప్పు నిరాకరించడానికి ఈ సూచికను వాడకూడదు. కష్టంలో ఉన్నవారిని ముందుగా చేరుకోవడం కోసమే ఈ కొలత.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘంలో గత మూడేళ్లలో పాలు బాగా తగ్గిన కాలం ఏది? దానికి ముందు సభ్యుల నడవడిలో ఏ గుర్తులు కనబడ్డాయి?
2. పైన ఇచ్చిన రెండవ పట్టికలో నాలుగో ప్రశ్నకు తగ్గిస్తామన్నవారు 17 నుంచి 7కు తగ్గి, ఆ 10 మందీ "అంతే" అన్నారనుకుందాం. ఆ ప్రశ్న సూచిక ఎంత? సగటు ఎంత? జవాబు: 98, 101.2.
3. పాలు పోయడం మానుకున్న సభ్యులను అడగడానికి మన ఊరిలో ఎవరు తగినవారు?
4. సూచిక పడిపోయిందని తేలితే, మన సంఘం నిధిలో దేనికి ముందు చోటు ఇవ్వాలి?